వెంటిలేటర్ తీశాక...

ఐసీయూలో వారాల తరబడి యంత్రంతో ఊపిరి పీల్చినవాళ్లు ఏడాది తర్వాత ఎక్కడ ఉంటున్నారు, ఎలా ఉంటున్నారు? ఆ సంగతి కుటుంబానికి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలుగువాళ్లు ఒక వీడియో కోసం ఎదురుచూసేవారు. ఎస్పీ చరణ్ ఫోను కెమెరా ముందుకొచ్చి నాన్నగారి ఆరోగ్యం గురించి చెప్పే రెండు మూడు నిమిషాల వీడియో అది. ఆగస్టు 5న కొవిడ్‌తో చెన్నై ఆసుపత్రిలో చేరిన గాయకుడు ఎస్పీ బాలు గారి పరిస్థితి 13వ తేదీ రాత్రి విషమించింది. వెంటిలేటర్ పెట్టారు, ఆ తర్వాత రక్తానికి ఒంటి బయటే ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో. సెప్టెంబరు మొదటి వారంలో కొవిడ్ నెగటివ్ వచ్చిందని చరణ్ చెబితే జనం ఊపిరి పీల్చుకున్నారు. ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారన్నారు. ఆసుపత్రిలోనే పెళ్లిరోజు జరుపుకున్నారన్నారు. మంచం మీద పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెడుతున్నారు, ఫిజియోథెరపీ చేయిస్తున్నారు, నోటితో ఆహారం మొదలుపెట్టారు అని ఒక్కో కబురూ వస్తుంటే ఇంకేముంది, వచ్చేస్తారనుకున్నాం. సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఆయన వెళ్లిపోయారు.

కొవిడ్ తగ్గిపోయిందిగా, మరేమైంది? ఆ రోజు ఇంటింటా అనుకున్న మాట ఇది. పెద్దాసుపత్రుల ఐసీయూల బయట కుర్చీల్లో ఇదే మాట ఏ రోజైనా వినిపిస్తుంది. ఇన్ఫెక్షన్ లేదన్నారు, జ్వరం లేదన్నారు, ఎక్స్‌రే కూడా బాగుందన్నారు, మరి మిషను ఎందుకు తీయట్లేదు? "డాక్టరు గారూ, మా నాన్నకి ఎప్పుడు తీస్తారండీ?" అని అడిగే కూతురికి "చూద్దామమ్మా, ఇంకో రెండు రోజులు గడవనీ" అనే జవాబు వస్తుంది. ఆ రెండు రోజులూ గడుస్తాయి. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు.

ఐసీయూకి తెచ్చిన జబ్బు తగ్గినా మనిషి యంత్రాన్ని వదలలేకపోవడం వైద్యంలో ప్రత్యేకమైన స్థితి. బతికీ కోలుకోలేని ఈ రోగుల గురించి అమెరికాలో 1985 నాటికే చర్చ మొదలైంది. 2005లో అక్కడి నిపుణులు దీనికొక కొలత పెట్టుకున్నారు. రోజుకు కనీసం 6 గంటల చొప్పున వరుసగా 21 రోజులు, ఆపైన వెంటిలేటర్ అవసరమైతే అది దీర్ఘకాల వెంటిలేషన్. ఐసీయూలు బాగుపడేకొద్దీ ఈ రోగులు పెరిగారు. ఒకప్పుడు మూడోరోజే చనిపోయేవాళ్లని ఇప్పుడు ముప్పయ్యో రోజు దాకా కాపాడగలుగుతున్నాం.

మరి ముప్పయ్యో రోజు తర్వాత? వివిధ దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో లాన్సెట్ వారి శ్వాసకోశ వైద్య పత్రికలో వచ్చింది. ఇలాంటి రోగుల్లో యంత్రం నుంచి పూర్తిగా బయటపడినవాళ్లు సగం మంది. ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి వెళ్లినవాళ్లు 19 శాతం. ఏడాది తిరిగేసరికి 59 శాతం మంది లేరు.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వైద్యులు 126 మంది రోగుల్ని ఏడాది పాటు వెంటాడి చూసి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆ అంకెలు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటికొచ్చిన 103 మంది ఆ ఏడాదిలో 457 సార్లు చోటు మారారు. ఆసుపత్రి నుంచి పునరావాస కేంద్రానికి, అక్కణ్నుంచి ఇంటికి, ఇంటినుంచి మళ్లీ ఆసుపత్రికి. ఏడాది చివర తన పనులు తాను చేసుకుంటూ బతికున్నవాళ్లు 126 మందిలో 11 మంది.

ఈ అంకెలన్నీ పరాయి దేశాలవి. అక్కడి రోగుల్లో ముసలివాళ్లు ఎక్కువ. మన దగ్గర వెంటిలేటర్ మీదున్నవాళ్లలో పాతికేళ్ల రైతుబిడ్డలూ ఉంటారు, బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన కుర్రాళ్లూ ఉంటారు. కాబట్టి ఆ శాతాలను తెచ్చి మన ఇంటి మనిషికి అలాగే అతికించకూడదు. అయితే యంత్రం తీయడంతో కథ ముగియదన్న సంగతి మాత్రం ఇక్కడా అంతే నిజం.

కండ కరిగే వేగం

వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేదాకా, దెబ్బతిన్న ఊపిరితిత్తులు తేరుకునేదాకా గడువు తెచ్చిపెడుతుంది. ఆ గడువుకి శరీరం మూల్యం చెల్లిస్తుంది.

మనం ఊపిరి పీల్చేది ప్రధానంగా ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న డయాఫ్రం అనే కండరంతో. పుట్టిన క్షణం నుంచి అది విశ్రాంతి ఎరగదు. యంత్రం ఆ పనిని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుంటే ఏమవుతుందో 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూపించింది. బ్రెయిన్ డెడ్ అయి, 18 నుంచి 69 గంటలు వెంటిలేటర్ మీదున్న అవయవదాతల డయాఫ్రం పీచుల్ని పరీక్షిస్తే, వాటి అడ్డుకోత వైశాల్యం కొద్ది గంటలే వెంటిలేటర్ మీదున్న వాళ్లతో పోల్చినప్పుడు సగానికి సగం తగ్గి కనిపించింది. మూడు రోజులు కూడా నిండకుండానే ఇంత నష్టం. కాళ్లూ చేతులదీ అదే దారి. ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచిన లండన్ వైద్యులు పది రోజుల్లో దాదాపు 18 శాతం తరిగిపోయిందని 2013లో తేల్చారు. "మనిషి సగమైపోయాడు" అని ఐసీయూలోంచి బయటికొచ్చి ఏడ్చే తల్లి చెప్పేది అతిశయోక్తి కాదు.

ఇక మెదడు. మత్తుమందులు, నిద్రలేమి, పగలూ రాత్రీ తేడా తెలియని వెలుతురు, ఆగకుండా మోగే అలారాలు, రక్తంలో ఇన్ఫెక్షన్, అన్నీ కలిసి రోగిని అయోమయంలోకి నెట్టేస్తాయి. గొట్టాలు పీకేసుకుంటారు, లేనివాళ్లు కనబడుతున్నారంటారు. కొందరు మాత్రం కదలకుండా పడుకుని శూన్యంలోకి చూస్తుంటారు. ఈ రెండో రకం ఎక్కువ, పైగా ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో 821 మందిని గమనించిన అధ్యయనంలో 74 శాతం మంది ఐసీయూ రోజుల్లో ఈ స్థితికి లోనయ్యారు. ఏడాది తర్వాత పరీక్షిస్తే మూడో వంతు మందికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తలకు ఓ మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలో ఉన్నాయి. వాళ్లలో పడుచువాళ్లూ ఉన్నారు. లెక్కలు రాసే గుమాస్తాకి కూడికలు తప్పుతున్నా, టీచరమ్మకి పిల్లల పేర్లు గుర్తు రాకపోయినా దాన్ని ఐసీయూతో ముడిపెట్టి చూసేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

ఎన్ని రోజులన్నది కాదు, ఎందుకన్నది

వెంటిలేటర్ పుట్టుక కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ని పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు వరసగా చనిపోతున్నారు. తొలి వారాల్లో అలాంటి రోగుల్లో 87 శాతం మంది పోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకి రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. సరిపడా యంత్రాలు లేవు కాబట్టి దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా, రాత్రింబవళ్లు, వారాల తరబడి ఆ సంచీలు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆధునిక ఐసీయూ అక్కడే పుట్టిందంటారు.

ఆ పిల్లల ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయి. కావలసిందల్లా కాలం. మన వార్డుల్లో ఇప్పటికీ అలాంటివాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో జీబీఎస్ కేసులంటూ పత్రికల్లో వచ్చింది గుర్తుందా? కాళ్లలో మొదలైన నీరసం పైకి పాకి ఊపిరి కండరాల దాకా వచ్చే ఆ నరాల జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. కొందరికి నెలల తరబడి ఉంచాల్సి వస్తుంది. కదలలేరు, మాట్లాడలేరు, అయితే తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది. పక్కన నిలబడి "ఇంక లాభం లేదేమో" అనుకునే బంధువుల మాటలు వింటూనే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది తిరిగి నడుస్తారు. ఆరు నెలల తర్వాత కూడా సాయం లేకుండా నడవలేనివాళ్లు ఐదుగురిలో ఒకరు.

రాత్రిపూట పొలం గట్టున, నేలమీద పడుకున్నచోట కట్లపాము కాటేస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆగిపోతుంది. ఆ విషం నరాల కొసల్ని దెబ్బతీస్తుంది, అవి మళ్లీ చిగురించాలి. అందాకా యంత్రమే ప్రాణం. పురుగుమందు ఒంట్లోకి వెళ్లినవాళ్లలో తొలి గండం గడిచిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి పడిపోయే స్థితిని శ్రీలంక వైద్యులు 1987లో వర్ణించారు. పత్తి జిల్లాల్లోని డ్యూటీ డాక్టర్లకి ఇది కొత్త కాదు. వీళ్లని ఓపిగ్గా కాచుకుంటే లేచి ఇంటికి వెళ్తారు. ఇలాంటి రోగిని పదో రోజున డబ్బు లేదనో, ఆశ లేదనో ఇంటికి తీసుకుపోవడం నా దృష్టిలో మన వైద్య వ్యవస్థ చేస్తున్న పెద్ద అన్యాయాల్లో ఒకటి.

మరోవైపు డెబ్బై అయిదేళ్ల పెద్దాయన. ముప్పయ్యేళ్లు బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి, షుగర్‌తో కిడ్నీలు పోయాయి, న్యుమోనియాతో చేరారు. ఆయనకీ జీబీఎస్ రోగికీ మంచం ఒకటే, యంత్రం ఒకటే, దారి మాత్రం వేరు. అమెరికాలోని నార్త్ కరోలినా పరిశోధకులు 2008లో ఒక అంచనా పద్ధతి చెప్పారు. 21వ రోజున నాలుగు సంగతులు చూడమన్నారు: వయసు ఎక్కువా, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గాయా, బీపీ నిలబెట్టే మందులు ఇంకా నడుస్తున్నాయా, డయాలసిస్ అవసరమవుతోందా. ఇవేవీ లేనివాళ్లలో ఎక్కువమంది ఏడాది తర్వాత బతికే ఉన్నారు. మూడు, అంతకు మించి ఉన్నవాళ్లలో మిగిలింది చాలా కొద్దిమంది. ఖరీదైన పరీక్ష ఒక్కటీ అక్కర్లేదు, ప్రతి కేస్ షీట్‌లోనూ ఉండే వివరాలే.

ఠాగూర్ సినిమా నీడ

ఇంత వివరం కుటుంబానికి ఎందుకు చేరడం లేదు? మొదటి అడ్డంకి అపనమ్మకం. 2003లో వచ్చిన 'ఠాగూర్' సినిమాలో శవానికి వైద్యం చేసి బిల్లు వేసే ఆసుపత్రి దృశ్యం తెలుగువాళ్ల మనసులో ముద్రపడిపోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆసుపత్రి ముందు గొడవ జరిగిన ప్రతిసారీ పత్రికల్లో ఆ సినిమా పేరు వస్తుంది. "వెంటిలేటర్ పెట్టారు" అనగానే "అంటే ప్రాణం పోయిందన్నమాట, చెప్పట్లేదు" అనుకునే ఇళ్లు ఎన్నో. ఆ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. వివరం చెప్పకుండా రోజూ బిల్లు మాత్రం చేతికిస్తే ఎవరికైనా వస్తుంది. అయితే అదే అనుమానం, కోలుకోవలసిన కుర్రాణ్ని కూడా మధ్యలోనే ఇంటికి చేరుస్తోంది.

రెండో అడ్డంకి ఆశ. డ్యూక్ రోగుల కుటుంబాలనీ, డాక్టర్లనీ ముందుగానే విడివిడిగా అడిగారు, ఏడాది తర్వాత ఈ మనిషి బతికుంటారా అని. కుటుంబాల్లో 93 శాతం మంది ఉంటారన్నారు, డాక్టర్లలో 43 శాతం మంది అన్నారు. నిజంగా బతికున్నది 56 శాతం. అంటే డాక్టర్లు కూడా కాస్త ఎక్కువే నిరాశపడ్డారు. తన పనులు తాను చేసుకోగలరా అంటే కుటుంబాల్లో 71 శాతం మంది అవునన్నారు, డాక్టర్లలో 6 శాతం. ఇక్కడ మాత్రం డాక్టర్ల అంచనా నిజానికి బాగా దగ్గర. అసలు రాబోయే రోజులు ఎలా ఉంటాయో డాక్టరు తమతో మాట్లాడారని చెప్పిన కుటుంబాలు 26 శాతమే. నాలుగింట మూడు వంతుల మందికి ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండు పక్షాలూ ఒకే మంచానికి అటూ ఇటూ నిలబడి, రెండు వేర్వేరు భవిష్యత్తుల్ని ఊహించుకుంటున్నాయి.

ఈ సంభాషణ జరగడానికి సహజమైన సమయం ఒకటుంది. వారం, పది రోజులు దాటాక డాక్టరు గొంతుకి చిన్న ఆపరేషన్ చేసి గొట్టం పెడతామంటారు. ట్రకియాస్టమీ. "గొంతు కోస్తారట" అని ఇంట్లో ఆడవాళ్లు హడలిపోతారు. సంతకం కాగితం మీద ఆపరేషన్‌లో రక్తస్రావం కావచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు అని ఉంటుంది. ఆ తర్వాతి ఏడాది గురించి ఒక్క ముక్క ఉండదు. నా అభిప్రాయంలో ఆ సంతకానికి ముందు డాక్టరు అరగంట కూర్చోవాలి. జబ్బు కారణం ఏమిటి, అది తగ్గేదేనా, యంత్రం ఎన్నాళ్లకు వదలొచ్చు, వదిలాక లేచి నడుస్తారా, మమ్మల్ని గుర్తుపడతారా, ఇంట్లో ఎవరు చూసుకోవాలి, ఎంతవుతుంది? ఈ ప్రశ్నలు కుటుంబం అడిగేదాకా ఆగకూడదు. తొందరపడాల్సిన పనీ లేదు. నాలుగు రోజుల్లోపే ట్రకియాస్టమీ చేయడానికీ, పది రోజులు దాటేదాకా ఆగడానికీ మరణాల్లో తేడా లేదని 2013లో వచ్చిన బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఆగినవాళ్లలో సగానికి పైగా రోగులకు ఆ ఆపరేషన్ అవసరమే రాలేదు.

ట్రకియాస్టమీ వల్ల మేలు లేదని కాదు. నోట్లోంచి గొట్టం తీసేస్తే మత్తు తగ్గించవచ్చు, కూర్చోబెట్టవచ్చు, కొందరు మాట్లాడగలుగుతారు కూడా. యంత్రాన్ని రోజూ కొంతసేపు పూర్తిగా తీసేసి, గొంతు గొట్టం మీదుగా ఆక్సిజన్ మాత్రమే ఇస్తూ రోగి చేత సొంతంగా ఊపిరి తీయిస్తే, యంత్రం సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం కంటే త్వరగా బయటపడుతున్నారని షికాగో పరిశోధకులు 2013లో చూపించారు. అదే బృందం 2019లో చెప్పిన ఇంకో సంగతి కూడా పక్కన పెట్టుకోవాలి. ఏడాది తర్వాత బతికున్నవాళ్లని, మళ్లీ అవసరమైతే వెంటిలేటర్‌కి ఒప్పుకుంటారా అని అడిగితే 84.7 శాతం మంది ఒప్పుకుంటామన్నారు. ఆ నరకమంతా చూసినవాళ్లే ఈ మాటన్నారు కాబట్టి, వాళ్ల తరఫున మనం ముందే నిస్పృహ చెందే హక్కు మనకి లేదు.

ఫలితాన్ని మార్చే పనులు కొన్ని చేతిలోనే ఉన్నాయి, వాటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే మత్తు ఆపి మెలకువ తెప్పించడం, సొంతంగా ఊపిరి తీయగలరేమో పరీక్షించడం, ఈ రెండూ కలిపి చేసినచోట ఏడాదిలో మరణాలు తగ్గాయని 2008లో లాన్సెట్‌లో వచ్చింది. గొట్టం ఉండగానే మంచం మీద కూర్చోబెట్టడం, చేతులూ కాళ్లూ ఆడించడం, నిలబెట్టడం మొదటి రోజుల్లోనే మొదలుపెడితే డిశ్చార్జ్ నాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు 59 శాతం. మామూలు పద్ధతిలో 35 శాతం. దీనికి కావలసింది నర్సులు, ఫిజియోథెరపిస్టులు. ప్రభుత్వాలు ఐసీయూ బెడ్లు, వెంటిలేటర్ల సంఖ్య ప్రకటించినంత ఉత్సాహంగా ఈ పోస్టుల సంఖ్య ప్రకటించడం ఎప్పుడైనా చూశామా?

కోలుకునే దారి లేదని తేలినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకి చట్టం ఇప్పుడు మౌనంగా లేదు. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది. తన చివరి రోజుల వైద్యం గురించి ముందే రాసి పెట్టుకోవాలంటే ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. అలాంటి కాగితం లేకపోతే ముగ్గురేసి వైద్యులతో రెండు బోర్డులు, కుటుంబం అంగీకారం. ఇది తెలియక మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టించుకుని, అంబులెన్స్‌లో ఆంబూ బ్యాగ్ (చేత్తో గాలి పంపే సంచీ) నొక్కుతూ ఊరికి పంపించేయడం. నొప్పికి మందు లేదు, ఆయాసానికి మందు లేదు, పక్కన నర్సు లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, తెలంగాణ జిల్లాల్లోని పాలియేటివ్ కేర్ కేంద్రాల్లో క్యాన్సర్ రోగులకి దొరుకుతున్న ఆ ఉపశమనం ఐసీయూ రోగికి కూడా అందాలి.

ఇంటికొచ్చాక

కెనడాలోని టొరంటో వైద్యులు ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బతికిన 109 మందిని అయిదేళ్లు గమనించారు. ఐసీయూ నుంచి బయటికొచ్చేసరికి శరీర బరువులో 18 శాతం పోయింది. ఏడాది తర్వాత ఉద్యోగానికి తిరిగి వెళ్లినవాళ్లు సగం మంది. అయిదేళ్ల తర్వాత కూడా ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం ఆ వయసువాళ్లు నడవాల్సినదాంట్లో మూడొంతులే. ఊపిరితిత్తులు మాత్రం దాదాపు మామూలుగానే ఉన్నాయి. వదలనిది కండల బలహీనత. దానితోపాటు వచ్చే దిగులు, ఉలిక్కిపడి లేచే రాత్రులు, మతిమరుపు, వీటన్నిటికీ కలిపి ఐసీయూ అనంతర సమస్యలని వైద్యులు ఒక పేరు పెట్టింది 2010 తర్వాతే.

ఆ దిగులు రోగితో ఆగదు. వారం పైగా వెంటిలేటర్ మీదున్నవాళ్లని చూసుకున్న 280 మంది కుటుంబసభ్యుల్ని కెనడాలో గమనిస్తే మొదట్లో 67 శాతం మందిలో, ఏడాది తర్వాత కూడా 43 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మన ఇళ్లలో వేరే చెప్పాలా? భార్యో, కోడలో, పెళ్లి వాయిదా వేసుకున్న కూతురో.

వాళ్లకి డిశ్చార్జ్ రోజున హడావిడిగా చూపించే అయిదు నిమిషాల పాఠం చాలదు. గొంతు గొట్టంలో కఫం సక్షన్ పెట్టి తీయడం, లోపలి గొట్టం కడగడం, గొట్టం ఊడిపోతే ఏం చేయాలి, ముక్కు గొట్టంతో జావ పోసేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉండాలి, పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎటు తిప్పాలి, ఇవన్నీ వార్డులో ఉండగానే, నర్సు పక్కనుండగా వాళ్ల చేతులతో చేయించి నేర్పాలి. ఇంట్లో వెంటిలేటర్ ఉంటే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోవాలి. గాలివానకి రాత్రంతా కరెంటు పోయే ఊళ్లలో ఆంబూ బ్యాగ్ నొక్కడం ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. డ్యూక్ రోగుల్లో ఏడాదిలోపు మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు 68 శాతం. మన దగ్గర ఇంటికి చేరిన అలాంటి మనిషి గురించి ఊళ్లోని ఆశా కార్యకర్తకి గానీ, పీహెచ్‌సీ డాక్టరుకి గానీ, జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపిస్టుకి గానీ కబురు పంపే పద్ధతి లేదు. డిశ్చార్జ్ కాగితం మీద మందుల చీటీ పక్కన ఆ ముగ్గురి ఫోన్ నంబర్లూ రాసి, ఆ రోజే వాళ్లకి సమాచారం పంపడంతో మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త భవనం కట్టక్కర్లేదు, ఒక జీవో చాలు.